ప్రొజెక్టర్‌కు అక్షర ఆదేశాలు

ప్రొజెక్టర్‌ను చేతి రిమోట్‌తో కాకుండా నెట్‌వర్క్ తీగ మీదుగా చిన్న చిన్న మాటలు పంపి నడిపే పద్ధతి ఒకటి ఉంది. మాట అంటే ఇక్కడ నిజంగా మాటే: కీబోర్డు మీద కొట్టగలిగిన నాలుగు ఇంగ్లిషు అక్షరాలు, ఒకటి రెండు అంకెలు, చివర ఒక ఎంటర్. వెలుగు, ఆరిపో, ఫలానా సాకెట్టులోంచి బొమ్మ తీసుకో, తెర నల్లగా పెట్టు, ల్యాంపు ఎన్ని గంటలు కాలిందో చెప్పు. చెప్పిన పని చేసి ఊరుకోకుండా ప్రొజెక్టర్ తిరిగి జవాబు కూడా రాస్తుంది. ఈ పద్ధతి విలువలో ముప్పాతిక వంతు ఆ జవాబులోనే ఉంది.

ఈ వ్యాసంలోని ఉదాహరణలు తమిళనాడు వేలూరు జిల్లాలోని గుడియాత్తం చుట్టూ తిరుగుతాయి. కౌండిన్య నది ఒడ్డున లుంగీ మగ్గాలకూ అగ్గిపెట్టెలకూ పేరుపడ్డ ఊరు ఇది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా గుడియాత్తం, చిత్తూరు రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోవే. అందుకే ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం మాట్లాడే కుటుంబాలు ఇక్కడ నేటికీ కనిపిస్తాయి. ఒక్కో కంపెనీ ఒక్కో భాష మాట్లాడే ప్రొజెక్టర్ల లోకం ఇలాంటి ఊరివాళ్ళకు వింతగా తోచదు.

పైకప్పు ఎక్కిన యంత్రం

ప్రొజెక్టర్ బల్ల మీద ఉన్నంతకాలం దాన్ని దూరం నుంచి నడపాల్సిన అవసరం పెద్దగా లేదు. లేచి వెళ్ళి బటన్ నొక్కితే సరి. 1989లో ఎప్సన్ సంస్థ వీపీజే-700 అనే ఎల్‌సీడీ ప్రొజెక్టర్ తెచ్చింది. 1996లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి డీఎల్‌పీ చిప్పుతో మరో రకం ప్రొజెక్టర్లు మొదలయ్యాయి. ఆ తర్వాతి పదేళ్ళలో యంత్రం చిన్నదై, ధర దిగి, తరగతి గదిలోకీ కల్యాణ మండపంలోకీ వచ్చింది. వస్తూనే పైకప్పు ఎక్కి కూర్చుంది. చిక్కు అక్కడే మొదలైంది.

మామూలు రిమోట్ పరారుణ కాంతితో పనిచేస్తుంది. సెకనుకు సుమారు 38,000 సార్లు మినుకుమనే ఆ కాంతి కంటికి కనబడదు, గోడ దాటదు, కిటికీలోంచి ఎండ పడితే తడబడుతుంది. అంతకన్నా పెద్ద లోపం, అది ఒకవైపు కేక. బటన్ నొక్కినవాడికి ప్రొజెక్టర్ విన్నదో లేదో తెలియదు. వినలేదేమోనని మళ్ళీ నొక్కితే రెండో నొక్కు మొదటిదాన్ని రద్దు చేసే ప్రమాదం ఉంది, ఎందుకంటే చాలా రిమోట్లలో వెలిగించేదీ ఆర్పేదీ ఒకటే బటన్.

ఈ వ్యాసకర్త కళ్ళారా చూసిన సంగతి ఒకటి. గుడియాత్తంలో ఒక మండపం, మేడమీద ముహూర్తం, కింద భోజనాల హాల్లో తెర మీద దాని ప్రసారం. ఆకులు వేసేవేళకు కరెంటు పోయి వచ్చింది గానీ బొమ్మ రాలేదు. రిమోట్ ఎవరి జేబులో ఉందో ఎవరికీ తెలియదు. ఒక కుర్రాడు ఎక్కడినుంచో పొడుగాటి గడకర్ర తెచ్చి ప్రొజెక్టర్ బటన్ పొడవబోయాడు. వీడియో తీసే అబ్బాయి లాప్‌టాప్‌లో ఒక వరస కొట్టి, వచ్చిన జవాబు చూసి, "అన్నా, ఆ కట్టె దించు. అది చల్లారతా ఉండాది, రెండు నిమిషాలు ఆగు" అన్నాడు. రెండు నిమిషాలయ్యాక మరో వరస కొట్టాడు. సాంబారు వడ్డించేసరికి తెర మీద తాళి కడుతున్నారు. గడకర్ర చేయబోయిందీ లాప్‌టాప్ చేసిందీ ఒకటే పని. యంత్రం అప్పుడు ఏ స్థితిలో ఉందో కర్రకు తెలియదు, అంతే తేడా.

నెట్‌వర్క్ రాకముందు ఈ పని ఆర్ఎస్-232 తీగతో జరిగేది. 1960లో అమెరికాలో టెలిప్రింటర్లనూ మోడెమ్‌లనూ కలపడానికి వెలువడిన ప్రమాణం అది. ప్రొజెక్టర్ల మీద దానికి సాధారణంగా తొమ్మిది పిన్నుల ప్లగ్గు ఉండేది, వేగం సెకనుకు 9,600 బిట్లు. క్రెస్ట్రాన్, ఏఎంఎక్స్ వంటి అమెరికన్ కంపెనీలు ఈ తీగ చివర తమ కంట్రోల్ పెట్టెలు పెట్టి, పెద్ద హోటళ్ళకూ బోర్డు రూములకూ గోడమీది బటన్లు అమ్మాయి. ఆ పెట్టెల ఖరీదు ప్రొజెక్టర్‌తో పోటీ పడేది. తీగ 15 మీటర్లు దాటితే నమ్మకం సడలేది, పైగా ఒక తీగకు ఒకే ప్రొజెక్టర్. ఈథర్‌నెట్ తీగ 100 మీటర్లు పోతుంది, నడుమ స్విచ్ పెడితే మరో 100. తయారీదార్లు తెలివిగా చేసిన పని ఏమిటంటే, కొత్త భాష కనిపెట్టకుండా పాత సీరియల్ తీగ మీది మాటల్నే చాలావరకు నెట్‌వర్క్ మీదికి మళ్ళించారు. ఈ ఆదేశాల్లో నేటికీ టెలిప్రింటర్ వాసన తగులుతుండటానికి కారణం అదే.

ఒక వరస, ఒక జవాబు

అన్ని కంపెనీలకూ పనికొచ్చే ఉమ్మడి భాషగా నిలబడింది పీజేలింక్. జపాన్‌లోని ఆఫీసు యంత్రాల తయారీదార్ల సంఘం జేబీఎంఐఏ దీన్ని 2000ల దశకం మధ్యలో రూపొందించింది. నియమాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. వాటిని చదివి ఎవరైనా ఒక పూటలో ప్రోగ్రాం రాసుకోవచ్చు. ప్రొజెక్టర్ 4352 నంబరు టీసీపీ పోర్టు తెరిచి కూర్చుంటుంది. కంప్యూటర్ ఆ తలుపు తట్టగానే ప్రొజెక్టరే ముందు పలకరిస్తుంది: పీజేలింక్ అనే మాట, ఒక ఖాళీ, ఒక అంకె. అంకె 0 అయితే తాళం లేదు, లోపలికి రావచ్చు. 1 అయితే సంకేతపదం కావాలి.

ఆ తర్వాత ఆదేశం. ఆదేశాన్ని దగ్గరగా చూద్దాం. మొదట శాతం గుర్తు. తర్వాత 1 అంకె, ఇది ఒకటో తరగతి ఆదేశమని చెప్పడానికి. ఆ వెంటనే ఖాళీ లేకుండా నాలుగు అక్షరాలు: పీ, ఓ, డబ్ల్యూ, ఆర్. పవర్ అనే మాటలో ఒక అక్షరం కొరికేశారు, ఎందుకంటే ఈ భాషలో ప్రతి క్రియకూ నాలుగే అక్షరాలు. తర్వాత ఒక ఖాళీ, మళ్ళీ 1, చివర ఎంటర్. మొత్తం 9 బైట్లు. ఈ తొమ్మిదితో ప్రొజెక్టర్ వెలుగుతుంది. చివరి 1 బదులు 0 పంపితే ఆరుతుంది. ప్రశ్నార్థకం పంపితే వెలగనూ వెలగదు, ఆరనూ ఆరదు, తానున్న స్థితి చెబుతుంది.

ఆ స్థితి ఒక్క అంకెలో వస్తుంది. 0 అంటే నిద్రలో ఉంది. 1 అంటే ల్యాంపు వెలుగుతోంది. 2 అంటే చల్లారుతోంది. 3 అంటే వేడెక్కుతోంది. వెలుగు, చీకటి అనే రెండు మాటలతో సరిపెట్టకుండా నడుమ రెండు సంధికాలాలను గుర్తించడం ఈ భాష రాసినవాళ్ళకు యంత్రం ఒంటితీరు బాగా తెలుసనడానికి గుర్తు. పెళ్ళిలో లాప్‌టాప్ అబ్బాయి చదివిన జవాబు ఆ 2.

మిగతా క్రియలు వేళ్ళమీద లెక్కపెట్టేన్ని. బొమ్మ ఎక్కడినుంచి రావాలో చెప్పేదానికి రెండంకెల సంఖ్య ఇవ్వాలి: పాత కంప్యూటర్ సాకెట్లు పదుల్లో, వీడియో ఇరవైల్లో, హెచ్‌డీఎంఐ వంటి డిజిటల్ సాకెట్లు ముప్పైల్లో, పెన్‌డ్రైవ్ నలభైల్లో, నెట్‌వర్క్ యాభైల్లో. బొమ్మనూ ధ్వనినీ ఒకేసారి మూయడానికి 31, తిరిగి తెరవడానికి 30. ల్యాంపు కాలిన గంటలు అడిగేది ఒకటి. ఇవి కాక కంపెనీ పేరు, మోడల్, యంత్రానికి మనం పెట్టుకున్న పేరు అడిగేవి.

నా దృష్టిలో ఇందులో అత్యంత ఉపయోగకరమైనది తప్పుల నివేదిక. ఒక్క ప్రశ్నకు ఆరు అంకెలు వస్తాయి. వరసగా ఫ్యాను, ల్యాంపు, ఉష్ణోగ్రత, మూత, గాలి వడపోత, ఇతరాలు. ప్రతి స్థానంలో 0 ఉంటే బాగుంది, 1 ఉంటే హెచ్చరిక, 2 ఉంటే చెడింది. ఆరూ సున్నాలైతే యంత్రానికి రోగం లేదన్నట్టు. మూడో స్థానంలో 1 కనబడితే, మే నెలలో 40 డిగ్రీలు దాటే వేలూరు ఎండలో, రేకుల కప్పు కింద ప్రొజెక్టర్ ఉడుకుతోందని అర్థం. అయిదో స్థానంలో 1 అయితే వడపోతలో దుమ్ము నిండింది. మరమగ్గాలు నడిచే వీధిలో నూలు పీచు గాలిలో తేలుతూనే ఉంటుంది, ఆ 1 అక్కడ కాస్త ముందుగానే వస్తుంది.

అర్థం కాని ఆదేశం ఇస్తే ప్రొజెక్టర్ మౌనం వహించదు, ఏ రకం పొరపాటో నంబరుతో చెబుతుంది. ఒకటో తప్పు: అలాంటి మాట నాకు తెలియదు. రెండో తప్పు: మాట తెలుసు, నువ్విచ్చిన అంకె కుదరదు. మూడో తప్పు: మాటా సరే, అంకె సరే, ఇప్పుడు మాత్రం చేయలేను. నాలుగో తప్పు: నాకే ఏదో అయింది. మూడో దానికి విరుగుడు ఓపిక, నాలుగో దానికి మెకానిక్. ప్రోగ్రాం రాసేవాళ్ళలో సగం మంది ఈ రెంటినీ ఒకే గాటన కట్టి 'ప్రొజెక్టర్ పాడైంది' అని ఎర్ర అక్షరాలు చూపిస్తారు.

ఎంటర్ మీద ఒక మాట. కొత్తగా ప్రయత్నించేవాళ్ళు తొలిరోజే తగులుకునే ముల్లు ఇది. కంప్యూటర్లో ఎంటర్‌కు రెండు గుర్తులున్నాయి: 13వ నంబరు, అంటే టైపు మెషిన్ బండిని కుడికి తోయడం, 10వ నంబరు, అంటే కాగితాన్ని ఒక వరస పైకి జరపడం. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్, హయ్యర్ పాసైనవాళ్ళకు ఈ రెండు పనుల తేడా చేతికి తెలుసు. పీజేలింక్ ఎదురుచూసేది 13 కోసం. లినక్స్‌లో నెట్‌క్యాట్ వంటి సాధనంతో చేత్తో కొడితే పోయేది 10. అప్పుడు ప్రొజెక్టర్ తప్పు చెప్పదు, జవాబివ్వదు. వాక్యం ఇంకా పూర్తికాలేదనుకుని వింటూనే ఉంటుంది. కాసేపటికి సంభాషణ తెంచేస్తుంది. తీగ మారుస్తారు, స్విచ్ మారుస్తారు, చివరికి ప్రొజెక్టర్‌ను తిట్టుకుంటారు. లోపం ఒక్క బైటుది.

2017లో పీజేలింక్ రెండో తరగతి వచ్చింది. అందులో ముఖ్యమైనవి రెండు. ఒకటి వెతుకులాట: ఐపీ అడ్రసు తెలియకపోయినా, నెట్‌వర్క్ అంతటికీ వినబడేలా యూడీపీ మీద ఒక కేక వేస్తే ప్రతి ప్రొజెక్టర్ తన గుర్తింపు సంఖ్యతో పలుకుతుంది. రెండోది, అడగకుండానే చెప్పడం: వెలిగినా, ఆరినా, తప్పు జరిగినా ప్రొజెక్టరే కబురు పంపుతుంది. బొమ్మను నిలిపేయడం, ధ్వనిని ఒక మెట్టు పెంచడం తగ్గించడం కూడా చేరాయి. అయినా కాంతి తీవ్రత, బొమ్మ వంపు సరిచేయడం, లెన్సు జరపడం వంటివి ఈ ఉమ్మడి భాషలో లేవు. వాటికోసం కంపెనీ సొంత భాషకు పోవాల్సిందే.

కంపెనీల యాసలు

ఎప్సన్ సొంత భాషలో ఆదేశాలు పీజేలింక్ కన్నా మాటలకు దగ్గరగా ఉంటాయి: పవర్‌కు మూడక్షరాల కురచ రూపం, ఖాళీ, తర్వాత ఆన్ అనే మాట. పని పూర్తయ్యాక ప్రొజెక్టర్ ఒక కోలన్ గుర్తు పంపుతుంది. ఏమీ రాయకుండా ఉత్త ఎంటర్ కొట్టినా ఆ కోలన్ వస్తుంది, "ఊఁ, ఉన్నాను" అన్నట్టు. కథ చెప్పేటప్పుడు ఊఁ కొట్టే పిల్లవాడి లాంటి ఈ ఏర్పాటు నాకు ఇష్టం. ఒక మెలిక ఉంది: వెలగమని చెబితే కోలన్ వెంటనే రాదు, ల్యాంపు వెలిగాకే వస్తుంది. రెండు సెకన్లు చూసి జవాబు లేదని తేల్చే ప్రోగ్రాం ఇక్కడ బోల్తా పడుతుంది. నెట్‌వర్క్ మీద ఎప్సన్ పోర్టు 3629. అయితే నేరుగా మాట మొదలుపెట్టకూడదు, ముందు 16 బైట్ల పలకరింపు పంపాలి.

క్రిస్టీ ప్రొజెక్టర్లు ప్రతి ఆదేశాన్నీ కుండలీకరణాల మధ్య పెట్టమంటాయి, ఎంటర్‌తో వాటికి పనిలేదు. ప్రశ్నకు ప్రశ్నార్థకం పెడితే, జవాబులో అదే చోట ఆశ్చర్యార్థకం వస్తుంది. పానసోనిక్ 1024 పోర్టు మీద తన పలకరింపుతో మొదలుపెడుతుంది. సోనీ ఏడీసీపీ పద్ధతిలో, 53595 పోర్టు మీద, పవర్ అని పూర్తిగా రాసి ఆన్ అనే మాటను కొటేషన్లలో పెడితే, ఓకే అని జవాబు వస్తుంది. మనిషి చదవగలిగిన భాషల్లో ఇది ముందు వరసలోది. కొందరు తయారీదార్లు అక్షరాల జోలికి పోకుండా అంకెల మూటలు పంపుతారు. ఎన్ఈసీ సొంత పద్ధతి అలాంటిది. వాటిని చేత్తో కొట్టి చూడటం కుదరదు, ప్రోగ్రాం కావాల్సిందే.

ఇంతకీ ఏది వాడాలి? ఇంట్లో మాట్లాడుకునే భాషలో చెప్పుకోగలిగినన్ని సంగతులు బజారు భాషలో చెప్పుకోలేం, కానీ బజారులో అందరితో పని గడిచేది దానితోనే. ఒకే కంపెనీ ప్రొజెక్టర్లున్న చోట సొంత భాష, ఏడాదికొక కంపెనీవి కొనే చోట పీజేలింక్. బడులకూ మండపాలకూ రెండోదే నయం. టెండరులో ఎవరిది తక్కువైతే వాళ్ళదే వస్తుంది కాబట్టి.

చల్లారే వేళ

ఈ ఆదేశాల వెనకున్న నియమాలు చాలావరకు ల్యాంపు స్వభావం నుంచి పుట్టాయి. 1990ల మధ్య నుంచి ప్రొజెక్టర్లలో ఎక్కువగా వాడింది పాదరసపు ఆవిరి ల్యాంపు. వేలెడంత గాజు బుడ్డీ అది, వెలిగినప్పుడు లోపల ఒత్తిడి 200 వాతావరణాలు దాటుతుంది. ఆర్పిన వెంటనే మళ్ళీ వెలిగించబోతే, వేడి ఆవిరి ఇంకా అంత ఒత్తిడితోనే ఉంటుంది కాబట్టి నిప్పురవ్వ పుట్టదు. ఫ్యాను తిరిగి, బుడ్డీ చల్లబడి, పాదరసం కొంత తిరిగి ద్రవమయ్యాకే అది వెలగడానికి ఒప్పుకుంటుంది. 2 అనే స్థితి, 'ఇప్పుడు కుదరదు' అనే మూడో తప్పు ఈ బుడ్డీ కోసం వచ్చినవే.

దీనికి శత్రువు కరెంటు కోత. ఆదేశంతో ఆర్పితే ఫ్యాను తన పని ముగించుకుని ఆగుతుంది. కరెంటు తటాలున పోతే ల్యాంపూ ఫ్యానూ ఒకేసారి ఆగి, వేడి లోపలే ఉండిపోతుంది. 2012లో చెన్నై బయట తమిళనాడు ఊళ్ళలో రోజుకు గంటల తరబడి కోతలుండేవి. అలాంటి రోజుల్లో ల్యాంపు కంపెనీ చెప్పిన గంటలు బతికితే అదృష్టమే. ప్రొజెక్టర్‌కు చిన్న యూపీఎస్ పెట్టి, కరెంటు పోయిన కబురు అందగానే ఆర్పు ఆదేశం పంపే పది వరసల ప్రోగ్రాం రాసుకుంటే, బ్యాటరీ రెండు మూడు నిమిషాలు మోసినా చాలు. కొత్త ల్యాంపు ధర ముందు యూపీఎస్ ఖర్చు ఏపాటి?

ల్యాంపు గంటల ప్రశ్న కూడా ఇలాగే డబ్బుతో ముడిపడ్డది. వేలూరులో 1984లో ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైన వీఐటీ, 1900 నుంచి ఉన్న సీఎంసీ ఆస్పత్రి వంటి ప్రాంగణాలను ఒకసారి ఊహించుకోండి. ఆ స్థాయి సంస్థలో గదిగదికీ మనిషిని పంపి నిచ్చెన ఎక్కించి గంటలు రాసుకురమ్మనడం అయ్యే పని కాదు. రాత్రిపూట ఒక ప్రోగ్రాం వరసగా అన్ని ప్రొజెక్టర్లనూ అడిగి పట్టిక రాసిపెడితే, ఏ ల్యాంపు ఎప్పుడు మార్చాలో సెలవుల ముందే తెలుస్తుంది. అదే ప్రోగ్రాం, మరచిపోయి వదిలేసిన వాటిని ఆర్పుతుంది కూడా. ఆర్పే ముందు స్థితి అడగడం, ఆర్పాక మళ్ళీ అడగడం మర్యాద. ఆర్పమన్నాం కాబట్టి ఆరే ఉంటుందని నమ్మితే రిమోట్‌కూ దీనికీ తేడా లేదు.

ఇప్పుడు లేజర్ ప్రొజెక్టర్లు వచ్చాయి. నీలి లేజర్‌ను పసుపు ఫాస్ఫర్ మీద కొట్టి తెల్లని కాంతి పుట్టించే ఈ యంత్రాలు దాదాపు తక్షణం వెలుగుతాయి, చల్లారే వ్యవధి నామమాత్రం, ఆయుష్షు సాధారణంగా 20,000 గంటలని చెబుతారు. ల్యాంపే లేని ఈ యంత్రాన్ని కూడా పీజేలింక్‌లో ల్యాంపు గంటలే అడుగుతాం. అదీ నొచ్చుకోకుండా తన లేజర్ గంటలు చెబుతుంది.

నిద్ర మాట

"పొద్దున ఆర్పాను, సాయంత్రం వెలగనంటోంది" అనేది ఈ రంగంలో అతి తరచుగా వినబడే ఫిర్యాదు. ఆర్పు ఆదేశం పనిచేసి వెలిగించే ఆదేశం పనిచేయకపోతే, పదింట తొమ్మిదిసార్లు కారణం ఒకటే: నిద్రపోయేటప్పుడు ప్రొజెక్టర్ నెట్‌వర్క్ చెవి కూడా మూసుకుంది. దీని మూలం యూరప్‌లో ఉంది. 2008లో యూరోపియన్ యూనియన్ చేసిన 1275వ నియమం ప్రకారం ఆపి ఉంచిన విద్యుత్ పరికరాలు 2013 నుంచి అర వాటుకు మించి తాగకూడదన్న హద్దు పడింది. నెట్‌వర్క్ చిప్పును మెలకువగా ఉంచితే ఆ హద్దులో ఇమడటం కష్టం. నెట్‌వర్క్ మీద మేలుకుని ఉండే పరికరాలకు ఆ తర్వాత వేరే హద్దులు పెట్టారు. అయినా తయారీదార్లు చాలామంది పొదుపు నిద్రనే ఫ్యాక్టరీ అమరికగా ఉంచేశారు. బ్రసెల్స్‌లో చేసిన నియమం గుడియాత్తం మండపంలో ప్రొజెక్టర్‌ను చెవిటిదాన్ని చేసింది. మెనూలో స్టాండ్‌బై అనే చోటికి పోయి 'నెట్‌వర్క్ ఆన్' ఎంచుకుంటే తీరిపోయే చిక్కు ఇది. కాకపోతే ఆ మెనూ తెరవడానికి ఒకసారి నిచ్చెన ఎక్కాలి, లేదా రిమోట్ దొరకాలి.

ఐపీ అడ్రసు గురించి కూడా ఇక్కడే చెప్పేయాలి. రూటర్ రోజుకొక అడ్రసు ఇచ్చే ఏర్పాటులో ప్రొజెక్టర్‌ను వదిలేస్తే, కరెంటు పోయి వచ్చాక నిన్నటి అడ్రసులో ఎవరో వేరేవాళ్ళ ఫోను ఉంటుంది. స్థిరమైన అడ్రసు ఇచ్చి, దాన్ని ప్రొజెక్టర్ కింద చీటీ మీద రాసి అంటించడం మేలు.

సినిమా కేబిన్

థియేటర్లో ఈ పద్ధతి మరింత లోతుకు పోయింది. రీలు కాలంలో కేబిన్‌లో ఇద్దరు ఆపరేటర్లు, రెండు ప్రొజెక్టర్లు. రీలు చివర తెర మూలలో మెరిసే చుక్క చూసి రెండో యంత్రం నడిపేవారు. ఆ చుక్క ఒక ఆదేశమే, యంత్రానికి కాదు, మనిషికి. 2005లో హాలీవుడ్ స్టూడియోల డిజిటల్ సినిమా ప్రమాణం డీసీఐ వెలువడింది. చెన్నైలో 1986లో మొదలైన రియల్ ఇమేజ్ సంస్థ క్యూబ్ పేరుతో డిజిటల్ ప్రదర్శన తెచ్చిందీ ఆ కాలంలోనే. అప్పటినుంచి చుక్క స్థానంలో క్యూ వచ్చింది. సినిమా ఫలానా క్షణానికి చేరగానే సర్వర్ నెట్‌వర్క్ మీదుగా ప్రొజెక్టర్‌కూ, లైట్లకూ, తెరకూ ఆదేశాలు పంపుతుంది.

మన సినిమాలకు ప్రత్యేకం ఇంటర్వెల్. అప్పుడు ల్యాంపు ఆర్పరు. సినిమా ప్రొజెక్టర్లలోని జినాన్ ల్యాంపుకు మాటిమాటికీ వెలిగించి ఆర్పడమే చేటు. అందుకని కాంతికి అడ్డంగా ఒక లోహపు రెక్కను దించమని ఆదేశం పోతుంది, హాలు లైట్లు మెల్లగా పెరుగుతాయి. సమోసాలయ్యాక రెక్క లేస్తుంది. పెళ్ళి మండపంలో 31 పంపి తెర నల్లగా పెట్టడం దీనికి చిన్న తమ్ముడు. సినిమా సర్వర్‌కు మరో గుణం ఉంది, అది థియేటర్ యజమాని మాట ఒక్కటే వినదు. ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అని గడువున్న తాళపుచెవి దూరం నుంచి రాకపోతే బొమ్మ తెరుచుకోదు. 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు ఈ తాళపుచెవులు పంపే డిజిటల్ సంస్థల రుసుముల మీద తగవుపడి కొత్త విడుదలలు ఆపారు. తమిళనాట అది ఏప్రిల్ మధ్యదాకా సాగింది.

తాళం

పీజేలింక్‌లో తాళం పెడితే, ప్రొజెక్టర్ పలకరింపులో 1 తర్వాత ఎనిమిది అక్షరాల ఒక యాదృచ్ఛిక సంఖ్య ఇస్తుంది, ప్రతిసారీ కొత్తది. దానికి సంకేతపదాన్ని జతచేసి, ఎండీ5 అనే లెక్కలో వేసి, వచ్చిన 32 అక్షరాలను ఆదేశానికి ముందు తగిలించి పంపాలి. సంకేతపదం తీగ మీద ఎన్నడూ కనబడదు. నిన్నటి 32 అక్షరాలు ఇవాళ పనికిరావు. పద్ధతి చక్కనిదే, కానీ లెక్క పాతబడింది. రోనాల్డ్ రివెస్ట్ 1991లో రూపొందించిన ఎండీ5లో లోపాలు 2004లోనే బయటపడ్డాయి. చిన్న సంకేతపదమైతే నేటి కంప్యూటర్ ఊహించి పట్టేస్తుంది. తాళం తీశాక జరిగే సంభాషణంతా బాహాటమే.

ఆచరణలో అసలు ప్రమాదం అంతదాకా కూడా పోదు. చాలాచోట్ల తాళమే వేయరు, లేదా పెట్టెతో వచ్చిన సంకేతపదాన్నే ఉంచేస్తారు. అతిథులకిచ్చే వైఫైలోనే ప్రొజెక్టర్ కూడా ఉంటే, వరుడి స్నేహితుల్లో ఒక్క కంప్యూటర్ విద్యార్థి చాలు, సప్తపది వేళకు తెర నల్లబడటానికి. ప్రొజెక్టర్లను వేరే నెట్‌వర్క్‌లో పెట్టి, 4352 పోర్టును ఇంటర్నెట్ వైపు ఎన్నడూ తెరవకుండా ఉండటం ఏ సంకేతపదం కన్నా గట్టి కాపలా.

పేరు

ప్రొజెక్టర్‌కు పేరు పెట్టవచ్చు. ఆదేశాలన్నీ ఇంగ్లిషు అక్షరాల్లోనే ఉన్నా, పేరు విషయంలో పీజేలింక్ ఉదారం: యూటీఎఫ్-8లో ఏ లిపి అయినా సరే, 64 బైట్లు మించకూడదు. పేరును ప్రొజెక్టర్ మెనూలోనో దాని వెబ్ పేజీలోనో పెట్టాలి, పీజేలింక్ దాన్ని చదివి చెబుతుందే గానీ మార్చదు. కొన్ని మోడళ్ళ మెనూలు ఇంగ్లిషు తప్ప ఒప్పుకోవు. ఒప్పుకునే చోట లెక్క చూసుకోవాలి. తెలుగులో అక్షరానికీ గుణింతపు గుర్తుకూ పొల్లుకూ సున్నాకూ ఒక్కోదానికి మూడు బైట్లు. గుడియాత్తం అని తెలుగులో రాస్తే 30 బైట్లు. తమిళంలో చివరి మకారానికి పొల్లు చుక్క వేరుగా పెట్టాలి గనక 33. ఇంగ్లిషులో పదే.

పెళ్ళిలో చూసిన ఆ ప్రొజెక్టర్‌కు 'గుడియాత్తం భోజనాల హాలు' అని పేరు పెడితే ఖాళీలతో కలిపి 62 బైట్లు. పక్కన రెండో హాలు కట్టి, చివర ఒక ఖాళీ, 2 అంకె చేరిస్తే సరిగ్గా 64. తొమ్మిదో హాలు దాకా ఇబ్బంది లేదు. పదోది కడితే మాత్రం ఊరి పేరు తీసేయాలి.